ఎండ తినేసిన బ్యాటరీని చలి పట్టిస్తుంది

డిసెంబర్ రెండో వారం నుంచి సంక్రాంతి దాటేదాకా ఆదిలాబాద్‌లో నా ఫోన్ తెల్లారకముందే మోగుతుంది. అవతలివాళ్ల మాటలు కూడా దాదాపు ఒకటే: "అన్నా, రాత్రి మంచిగనే తెచ్చి పెట్టిన. పొద్దుగాల సెల్ఫ్ కొడితే లేస్తలేదు." ఆ వెంటనే, "చలికి బ్యాటరీ పోయినట్టుంది" అని రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు.

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, పత్తి లారీలు ఏవొచ్చినా సెల్ఫ్, డైనమో, బ్యాటరీ, వైరింగ్ పని చూస్తాను. ఈ పనిలో ఉండి తెలుసుకున్న సంగతుల్లో జనానికి తప్పకుండా చెప్పాలనుకునేది ఒకటుంది. మన దగ్గర బ్యాటరీని చంపేది చలి కాదు, ఎండ. మే నెలలో 45 డిగ్రీల ఎండకు, పక్కనే ఇంజన్ సెగకు ఉడికి బ్యాటరీ సగం సత్తువ అప్పుడే పోగొట్టుకుంటుంది. మిగతా సగంతో వానాకాలమంతా నెట్టుకొస్తుంది. బండి లేస్తూనే ఉంటుంది కాబట్టి మనకు అనుమానం రాదు. రాత్రి చలి 5 డిగ్రీలకు దిగిన రోజున గుట్టు బయటపడుతుంది.

ఇది నా ఊహ కాదు. బ్యాటరీ మీద చిన్న అక్షరాల్లో సీసీఏ అని రాసి పక్కన ఒక అంకె ఉంటుంది. చలిలో ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. బ్యాటరీని మైనస్ 18 డిగ్రీల చలిలో పెట్టి, అంత కరెంట్‌నూ 30 సెకన్ల పాటు లాగి, వోల్టేజి 7.2కి దిగువన పడకుండా నిలబడితేనే ఆ అంకె వేస్తారు. మైనస్ 18లో నిలబడ్డ సరుకు మా ఊరి 5 డిగ్రీలకు చేతులెత్తేసిందంటే, చలి రాకముందే దానికేదో అయిందని అర్థం.

చలి ప్రభావం అసలు లేదని అనడం లేదు. బ్యాటరీలో సీసం పలకలకూ యాసిడ్‌కూ మధ్య జరిగే రసాయన చర్య వల్లే కరెంట్ పుడుతుంది. చలిలో ఆ చర్య నెమ్మదిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర మంచి బ్యాటరీ కూడా మామూలుగా ఇచ్చే దానిలో ఇంచుమించు మూడో వంతు తక్కువే ఇస్తుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ ఆముదంలా చిక్కబడి, ఇంజన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటర్ ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది. ఇచ్చేదాని దగ్గర తగ్గింది, అడిగేదానికి పెరిగింది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఈ తేడాను లెక్క చెయ్యదు. ఎండలో నలిగిపోయినది ఇక్కడే ఆగిపోతుంది.

ఎండ చేసే పని వేరు. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని మా పనిలో ఒక లెక్క ఉంది. పలకల చట్రం తుప్పు పట్టే వేగం కూడా దానితోపాటే పెరుగుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి. నీళ్ల పైకి తేలిన పలక గాలి తగిలి గట్టిపడితే, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ మేరకు తిరిగి పని చెయ్యదు. చల్లటి దేశాల్లో ఐదారేళ్లు నడిచే బ్యాటరీ మన దగ్గర మూడు నాలుగేళ్లకే అలసిపోవడానికి కారణం ఇదే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చూసుకోమని అందరికీ చెబుతుంటాను. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. నల్లా నీళ్లూ, ఫిల్టర్ నీళ్లూ వద్దు. వాటిలోని లవణాలు పలకలకు పడవు. మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీల పైన చిన్న గుండ్రటి కన్ను ఉంటుంది. అది పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టేనని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ కన్ను ఆరు సెల్లుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా ఐదింట్లో ఏది పాడైనా దానికి తెలియదు.

ఇక బండి లేవని ఆ పొద్దున సంగతి. ఫోన్ చేసినవాళ్లకు నేను మొదట చెప్పేది, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దని. ఒకసారి 10 సెకన్లకు మించి తిప్పకూడదు, తర్వాత కనీసం అర నిమిషం ఆగాలి. వరసగా కొడితే బ్యాటరీలో మిగిలింది కూడా ఖర్చయిపోయి సెల్ఫ్ మోటర్ లోపల కాయిల్ వేడెక్కుతుంది. అప్పుడు ఒక ఖర్చు కాస్తా రెండవుతుంది. ఆ తర్వాత ఫోన్‌ను బానెట్ దగ్గర పెట్టి ఒక్కసారి కీ తిప్పమంటాను. ఆ చప్పుడు వింటే సగం పని అయినట్టే.

టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. సెల్ఫ్ మీద ఉండే సాలినాయిడ్ కరెంట్ అందగానే పట్టుకుంటుంది, మోటర్ లాగగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ చప్పుడు దానిదే. అలా కాకుండా ఒకే ఒక్క టక్ వినబడి, డ్యాష్‌బోర్డ్ లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతుంటే నా అనుమానం సెల్ఫ్ మోటర్ మీదికి పోతుంది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, సాలినాయిడ్ లోపలి రాగి పాయింట్లు కాలిపోయి ఉండొచ్చు. పానా పిడితో మోటర్ మీద నెమ్మదిగా రెండు దెబ్బలు వేస్తే అప్పటికి లేవొచ్చు, కానీ ఆ బండిని నేరుగా షాపుకు తేవాలి. అసలేమీ వినబడకపోతే గేరు న్యూట్రల్‌లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కారా చూడమంటాను. ఇప్పుడు చాలా కార్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్‌కు కరెంట్ వెళుతుంది. కాళ్ల కింద మ్యాట్ ముడతపడి పెడల్ పూర్తిగా దిగకపోయినా బండి పలకదు.

బటన్ స్టార్ట్ కార్లలో మరొకటుంది. రిమోట్ తాళంలో ఉండే సీఆర్2032 బిళ్ల సెల్లు పాతబడితే చలి పొద్దుల్లో బలహీనపడుతుంది. తాళం కనబడటం లేదని డ్యాష్‌బోర్డ్ మీద గుర్తు వస్తుంది. అప్పుడు తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లు లేస్తాయి. కొన్నింటిలో దానికి వేరే చోటు ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో అది రాసి ఉంటుంది.

చప్పుళ్లలో జనం ఎక్కువగా పొరబడేది ఒకటుంది. ఇంజన్ గిర్రున హుషారుగా తిరుగుతుంది కానీ అందుకోదు. ఇలాంటప్పుడు కూడా కొత్త బ్యాటరీ వేయించుకొచ్చినవాళ్లను చూశాను, ప్రతిసారీ బాధ వేస్తుంది. సెల్ఫ్ బలంగా తిప్పుతోందంటే బ్యాటరీ తన పని చేసినట్టే. లోపం ఇంధనంలోనో, స్పార్క్‌లోనో, డీజిల్ బండి అయితే హీటర్ ప్లగ్‌లలోనో వెతకాలి. వాటి సంగతి కాసేపట్లో చెబుతాను.

నెమ్మదిగా ఘుర్... ఘుర్... మని తిరిగి ఆగిపోయేది చలికాలానికి ప్రత్యేకమైన చప్పుడు. ఇక్కడ మీటర్ కావాలి. రెండు మూడు వందల రూపాయల డిజిటల్ మీటర్ ఇంట్లో పెట్టుకుంటే ఎవరైనా ఈ పని చెయ్యగలరు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ రెండు మొనల మధ్య 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కి దిగువన ఉంటే ఛార్జింగ్‌కు పెట్టాల్సిందే. 10.5 దగ్గర నిలిచిపోయి, ఛార్జింగ్ పెట్టినా పైకి రాకపోతే ఆరింట్లో ఒక సెల్లు చచ్చిపోయిందని లెక్క. దానికి మందు లేదు. అయితే ఈ అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు. ఎండ దెబ్బ తిన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపించి మోసం చేస్తుంది. మీటర్ మొనలు తియ్యకుండా మరొకరితో సెల్ఫ్ కొట్టించాలి. ఆ క్షణంలో అంకె 10 పైన ఉంటే నిశ్చింత. 9.6 కన్నా దిగితే బలం తగ్గింది. 8కి, 7కి పడిపోతే ఎన్నిసార్లు ఛార్జ్ చేసినా చలి పొద్దున మళ్లీ మొండికేస్తుంది. బండి లేచాక 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే డైనమో సరిగ్గా ఛార్జ్ చేస్తున్నట్టు.

బ్యాటరీ బాగుండి కూడా ఘుర్ ఘుర్ మంటే? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఉట్నూర్ వైపు పనిచేసే ఒక టీచర్ గారి కారుకు ఒకే చలికాలంలో వేరే చోట రెండు కొత్త బ్యాటరీలు వేశారు. అయినా పొద్దున్నే అదే గోల. "సార్, ఇంకో బ్యాటరీ ఎయ్యమనకుండ్రి. పైసల్ లెవ్వు" అంటూ వచ్చారు ఆమె భర్త. మీటర్ ఒక మొనను బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. అక్కడ అర వోల్టు కూడా రాకూడదు, రెండు వోల్టుల పైన చూపించింది. అంటే బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంట్‌కు తిరిగొచ్చే దారి మూసుకుపోతోంది. ఇంజన్‌ను బాడీతో కలిపే అల్లిక ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు పట్టి పొడి పొడిగా ఉంది. విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, కొత్త వాషర్ వేసి బిగించాను. ఆ బండికి మరే జబ్బూ లేదు.

ఇదే కారణంతో బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడిని తేలిగ్గా తీసుకోవద్దంటాను. గ్లాసెడు వేడినీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి పోస్తే బుసబుస పొంగి పోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి దిగకుండా, కంట్లో పడకుండా చూసుకోవాలి. తుడిచి ఆరాక క్లాంపును గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ రాస్తే సరి. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుండగా పానా పొరపాటున బాడీకి తగిలినా మైనస్ ఊడి ఉంటే నిప్పురవ్వ రాదు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీయులు గోదావరి నీళ్లతో పూజ చేసే ఆ రోజుల్లో ఇంద్రవెల్లి మండలంలోని ఆ ఊరికి మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ఆదివాసీ కుటుంబాలు వస్తాయి. ఒకప్పుడు ఎడ్లబండ్లే. ఇప్పుడు జీపులు, ఆటోలు, కార్లు చెట్ల కింద వరసగా నిలుస్తాయి. రాత్రంతా ఆరుబయట, మంచులో. బండి బ్యాటరీ మీదే లైట్లు, పాటలు, సెల్‌ఫోన్ ఛార్జింగులు. తెల్లారేసరికి ఎన్ని బండ్లు మూగబోతాయో చెప్పలేను. జంపర్ కేబుళ్లు, మీటరు, ఒక మంచి బ్యాటరీ వేసుకుని నేనూ వెళుతుంటాను. "దాదా, జర ఇటు రా" అని నలువైపుల నుంచీ పిలుస్తారు. ఆ పొద్దుటి పని నాకు చాలా ఇష్టం. ఇంజన్ అందుకోగానే వెనక కూర్చున్న పిల్లల మొహాలు విప్పారతాయి. లంబసింగి మంచు చూడటానికి విశాఖ నుంచి వచ్చి, రాత్రంతా కారులో పాటలు పెట్టుకునేవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. ఇంజన్ ఆపాక బ్యాటరీలో ఉన్నది మరుసటి పొద్దుటి సెల్ఫ్ కోసమని గుర్తుంచుకుంటే చాలు.

జంపర్ కేబుల్ వెయ్యడం కష్టమేమీ కాదు, కానీ వరస తప్పకూడదు. ఎర్ర కేబుల్ ఒక కొనను దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొనను మంచి బ్యాటరీ ప్లస్‌కు పట్టించాలి. నల్ల కేబుల్‌ను మంచి బ్యాటరీ మైనస్‌కు పెట్టి, చివరి కొనను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, లేవని బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా పట్టించాలి. చివరి కొన తగిలినప్పుడు చిన్న నిప్పురవ్వ రావడం మామూలే. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది కనుక ఆ రవ్వ అక్కడ పడకూడదు. పక్క బండిని ఐదు నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచి, ఆ తర్వాత మీ బండికి సెల్ఫ్ కొట్టాలి.

ఇక్కడ ఒక్క మాట చెవిన పెట్టండి. మా ఊరి పక్క నుంచే 44వ నంబర్ జాతీయ రహదారి పోతుంది. పొద్దున్నే రోడ్డు మీద లారీ తప్ప మరేదీ కనిపించదు. లారీ డ్రైవర్లు మంచివాళ్లు, అడిగితే కాదనరు. కానీ లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఆ రెండు చివరలకూ కేబుల్ వేసి 12 వోల్టుల కారుకు పట్టిస్తే కారు కంప్యూటర్, డైనమో డయోడ్లు, మ్యూజిక్ సిస్టమ్ క్షణంలో కాలిపోతాయి. అలా కాలిన కారు ఒకటి నా షాపు ముందుకు టోయింగ్‌లో వచ్చింది. కంప్యూటర్ మార్చడానికి అయిన ఖర్చుతో పదికి పైగా కొత్త బ్యాటరీలు వచ్చేవి. లారీ సాయం తప్పనిసరైతే దాని ఇంజన్ ఆపించి, రెండు బ్యాటరీల్లో ఒక్కదాని ప్లస్‌కూ మైనస్‌కూ మాత్రమే పట్టించాలి. ఏది దేనిదో తెలియకపోతే ముట్టుకోకపోవడమే మేలు.

తోసి స్టార్ట్ చెయ్యడం మనకు అలవాటైన వైద్యం. గేరు మాన్యువల్ అయితే రెండో గేరులో పెట్టి తోయొచ్చు. ఆటోమేటిక్, ఏఎంటీ బండ్లకు ఇది పనికిరాదు. కొత్త బీఎస్6 బండ్లలో పంపుకూ కంప్యూటర్‌కూ కూడా కరెంట్ కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంటే వీధంతా తోసినా ఉపయోగం ఉండదు. పైగా కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని పాడుచేస్తుంది.

ఇప్పుడు డీజిల్ బండ్లు. వీటికి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలి పొద్దున సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. అందుకే సిలిండర్‌కు ఒకటి చొప్పున హీటర్ ప్లగ్‌లు పెడతారు. కీ ఆన్ చెయ్యగానే డ్యాష్‌బోర్డ్ మీద చుట్ట ఆకారంలో పసుపు దీపం వెలుగుతుంది. అది ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. పాత ఇండికా, సుమో డీజిల్ ఇంజన్లలో ఇది మరీ ముఖ్యం. వాటిలో డీజిల్ ముందు పక్కనున్న చిన్న గదిలో మండుతుంది, ఆ గది చల్లగా ఉంటే అందుకోదు. రెండు ప్లగ్‌లు కాలిపోయి ఉంటే బండి లేచినా తెల్ల పొగ కక్కుతూ, ఒళ్లంతా వణుకుతూ నడుస్తుంది. కొత్త కామన్ రైల్ ఇంజన్లు ప్లగ్‌ల మీద అంతగా ఆధారపడవు గాని, వాటికి మరో పట్టింపు ఉంది. ఇంజన్ తగినంత వేగంగా తిరిగి రైలులో ఒత్తిడి పుడితే తప్ప కంప్యూటర్ డీజిల్‌ను వదలదు. బ్యాటరీ కొంచెం నీరసించినా ఈ బండ్లు తిరుగుతూనే ఉంటాయి, లేవవు. డీజిల్ లోపమని ఫిల్టర్లు మార్చేస్తారు. ముందు బ్యాటరీ చూడండి.

రాత్రి ఆపి పొద్దున కొడితేనే మొండికేసి, పగలంతా బాగుండే డీజిల్ బండిలో ఎయిర్ లాక్ అనుమానించాలి. పైపు జాయింట్ల దగ్గర రబ్బరు సీళ్లు చలికి బిగుసుకుని సన్నగా గాలి పీలుస్తాయి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ఫిల్టర్ మీద చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటే, అది గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే లోపం ఆ దారిలోనే ఉంది.

డీజిల్ గడ్డకట్టడం మన దగ్గర దాదాపు ఉండదు. డీజిల్‌లో మైనం ఉంటుంది, చలికి అది పూసలు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మన ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ 3 డిగ్రీల దాకా పారాలి. లడఖ్‌లో అది ఏ మూలకూ చాలదు. ట్యాంకు కింద మంట పెట్టి డీజిల్‌ను కరిగించుకునే డ్రైవర్ల కథలు అక్కడ డ్యూటీ చేసి వచ్చిన మా వైపు జవాన్లు చెబుతుంటారు. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను లడఖ్‌కు పంపడం మొదలుపెట్టింది. లేహ్ దాకా సొంత డీజిల్ కారులో శీతాకాలపు యాత్రకు వెళ్లే హైదరాబాద్ కుర్రాళ్లు ట్యాంకులో ఏ డీజిల్ ఉందో చూసుకోవాలి.

పెట్రోల్ బండి గిర్రున తిరిగి అందుకోకపోతే మొదట కీ ఆన్ చేసి చెవి పెట్టండి. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్ల పాటు జుయ్‌మని పంపు చప్పుడు రావాలి. చలిలో పెట్రోల్ త్వరగా ఆవిరి కాదు కాబట్టి ఇంజన్‌కు మామూలు కన్నా ఎక్కువ పెట్రోల్ కావాలి. పాత మారుతి 800లో దానికోసం చోక్ లాగేవాళ్లం. ఇప్పుడు ఆ పని ఒక చిన్న టెంపరేచర్ సెన్సర్ చేస్తుంది. అది పాడై ఇంజన్ వేడిగా ఉందని తప్పు కబురు పంపితే, కంప్యూటర్ పెట్రోల్ తగ్గించేస్తుంది, చల్లటి ఇంజన్ లేవదు. సెన్సర్ ఖరీదు తక్కువే, దాని కోసం అయ్యే తిరుగుడే ఎక్కువ. రేస్ తొక్కి తొక్కి కొడితే ఇంజక్షన్ బండికి లాభం లేదు. లోపల ప్లగ్‌లు తడిసిన వాసన వస్తే మాత్రం ఆక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు చాలా కార్ల కంప్యూటర్లు పెట్రోల్ ఆపేసి గాలిని మాత్రమే పంపి ప్లగ్‌లను ఆరబెడతాయి.

సీఎన్‌జీ కార్లలో చాలావరకు ముందు పెట్రోల్ మీద లేచి, వేడెక్కాక గ్యాస్‌కు మారతాయి. గ్యాస్ చవక కదా అని పెట్రోల్ ట్యాంకును అడుగంటా ఎండబెట్టినవాళ్లకు చలి పొద్దున ఇబ్బంది తప్పదు. నెలల తరబడి కదలని పాత పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి ఉంటుంది. పావు ట్యాంకు పెట్రోల్ ఉంచి, అప్పుడప్పుడు దాని మీద కూడా నడపాలి.

ఆయిల్ గురించి కూడా చెప్పాలి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే మొదటి అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అంకె చిన్నదైతే పల్చన. పాత ఇంజన్ చప్పుడు తగ్గుతుందని కొందరు 20డబ్ల్యూ-50 పోయిస్తారు. 5డబ్ల్యూ-30 అడిగే ఇంజన్‌లో అది పోస్తే ప్రతి చలి పొద్దునా సెల్ఫ్ మీద అదనపు బరువు వేసినట్టే. కంపెనీ చెప్పిందే పోయించండి.

అమెరికాలో మినియాపొలిస్‌లో ఉండే మా మేనల్లుడు చలికాలంలో ఫోన్ చేసి, "మామా, ఇక్కడ కారుకు రాత్రిపూట ప్లగ్ పెట్టి పడుకుంటాం" అంటాడు. ఇంజన్‌లో బ్లాక్ హీటర్ ఉంటుంది, ముందు జాలీలోంచి వైరు వేలాడుతుంది. మైనస్ 25 డిగ్రీల్లో అది లేనిదే కష్టం. అక్కడి మనవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో యాసిడ్ దాదాపు నీళ్లే. అది మైనస్ 10 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. నిండుగా ఛార్జ్ అయి ఉంటే మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. పక్కలు ఉబ్బి, గడ్డకట్టినట్టున్న బ్యాటరీకి జంపర్ వెయ్యకండి, పేలుతుంది. లోపలికి తెచ్చి పూర్తిగా కరగనిచ్చి, పగుళ్లు లేవని చూసుకున్నాకే ఛార్జింగ్.

సంక్రాంతికి హైదరాబాద్‌లో కారు తాళం వేసి ఊరికి పోయి వచ్చేవాళ్లది వేరే బాధ. వాళ్ల బ్యాటరీలు దిగిపోవడానికి తరచుగా కారణం దొంగ కరెంట్. బండి ఆపినా అలారం, కంప్యూటర్ కొంచెం కరెంట్ తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే పరవాలేదు. దానికి తోడు సరిగ్గా కలపని జీపీఎస్, డ్యాష్‌క్యామ్, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్ కలిసి 200 మిల్లీ ఆంపియర్లు లాగితే, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారం తిరిగేసరికి ఖాళీ. వారం పైన ఊరెళితే మైనస్ క్లాంప్ విప్పి వెళ్లండి. తిరిగొచ్చాక పది నిమిషాలు ఊరికే స్టార్టింగ్‌లో ఉంచితే బ్యాటరీ నిండదు. అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద నడపాలి.

దసరాకు ఆయుధ పూజ చేయించడానికి బండ్లన్నీ కడిగి, పూలదండలు వేసి, గుమ్మడికాయ కొట్టిస్తారు. ఎండాకాలం అయిపోయి చలి ఇంకా మొదలుకాని రోజులవి, బ్యాటరీని పరీక్షించడానికి అంతకన్నా మంచి సమయం లేదు. బానెట్‌కు బొట్టు పెట్టేముందు ఒకసారి దాన్ని ఎత్తండి. సెల్ఫ్ కొట్టించి మీటర్ చూడండి, టెర్మినల్ కదులుతోందేమో చేత్తో తిప్పి చూడండి, ఎర్త్ వైరు బోల్టు బిగించండి. 9.6కి దిగువన పడుతుంటే అప్పుడే మార్చెయ్యండి. కొనేటప్పుడు బ్యాటరీ మీద 38బీ20ఎల్, 38బీ20ఆర్ లాంటి గుర్తుల్లో చివరి అక్షరం మీ పాతదానితో కలవాలి. ప్లస్ మొన ఏ పక్కనుందో చెప్పేది ఆ అక్షరమే. అది మారితే కేబుల్ అందదు, లాగి బిగిస్తే తెగుతుంది. తయారైన నెల కూడా చూడండి, ఆరు నెలలు షాపు అల్మారాలో కూర్చున్నది వద్దు. పాత బ్యాటరీని షాపులోనే ఇచ్చి దాని విలువ తగ్గించుకోండి. అందులోని సీసం మళ్లీ కొత్త బ్యాటరీలకే పోతుంది.